నాటకం ఎవరి సొత్తు? (గ్రంథకర్త హక్కుల కథ – 4)

పోయిన భాగంలో మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య గారి దగ్గర ఆగాం. ఆయన కూర్చిన 'ఆంధ్ర దీపిక' నిఘంటువు హక్కును మద్రాసులోని కుంపిణీ ప్రభుత్వం డబ్బిచ్చి కొనుక్కోవడం చూశాం. ఆ కూర్పును ఆసరా చేసుకుని ఏ.డి. క్యాంబెల్ దొర 1821లో తన తెలుగు నిఘంటువు వెలువరించడమూ చూశాం. రాసినవాడికి తన రాతమీద ఒక హక్కు ఉంటుంది, పొలం అమ్ముకున్నట్టు దాన్నీ అమ్ముకోవచ్చు అన్న సంగతి మన పండితుల చెవిన పడటం అలా మొదలైంది.

ఆ క్యాంబెలే తర్వాత బళ్ళారి కలెక్టరయ్యాడు. 1823లో జిల్లా బడుల లెక్క తీసి పైకి పంపాడు. మొత్తం 533 బడులు. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. మరాఠీ, పారశీకం, సంస్కృతం, అరవం కలిపి మిగతావి. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. తెలుగూ కన్నడమూ ఇంచుమించు సమవుజ్జీలుగా ఉన్న జిల్లా అన్నమాట. ఈ రెండంకెలను పాఠకులు గుర్తుంచుకోవాలి, అనువాద హక్కు దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తాయి. ఈ భాగం కథంతా ఆ ఊరిదే.

అరవై ఏళ్ళు ముందుకు జరుగుదాం. 1876–78 నాటి ధాతు కరువు దత్తమండలాలను పీల్చి పిప్పి చేసి వెళ్ళింది. 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురాన్ని వేరే జిల్లా చేశారు. బళ్ళారిలో గుట్ట మీద కోట, దాని కింద దండు, దండును ఆనుకుని కౌల్ బజారు. పత్తి వ్యాపారం పుంజుకుంటోంది, రైలు వచ్చేసింది. వీటన్నిటినీ మించి కోర్టులున్నాయి. కోర్టులున్నచోట ప్లీడర్లుంటారు. ప్లీడర్లున్నచోట చదువు, సాయంకాలపు తీరిక, చేతిలో నాలుగు డబ్బులు, వాదించే నోరు ఉంటాయి. నాటకానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ ప్లీడర్లలో ఇద్దరి పేర్లు తెలుగు నాటక చరిత్రలో నిలిచిపోయాయి. ఒకరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1853లో పుట్టారు. మరొకరు కోలాచలం శ్రీనివాసరావు, 1854లో హంపి పక్కనున్న కమలాపురంలో పుట్టారు. (ఆ ఊరు ఇప్పుడు బళ్ళారి జిల్లాలో లేదు. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోకి పోయింది. ఈ జిల్లాకు విడిపోవడం కొత్తేమీ కాదు లెండి.) ఏడాది తేడాతో పుట్టిన ఇద్దరూ ఒకే ఊళ్ళో వకాల్తాలు పట్టారు. పగలు కోర్టులో, రాత్రి రంగస్థలం మీద. ఆచార్యుల వారిది సరస వినోదిని సభ, రావు గారిది సుమనోరమ సభ. ఊరి రసికులు రెండుగా చీలిపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ధర్మవరం వారి 'చిత్రనళీయం' 1887లో తెరెక్కింది. నాందీ ప్రస్తావనల సంస్కృత మర్యాదను పక్కకు నెట్టి, అంకాలను రంగాలుగా విడగొట్టి, పాత్రల నోట పాటలు పెట్టారాయన. 'విషాద సారంగధర'తో తెలుగు నాటకానికి దుఃఖాంతాన్ని అలవాటు చేశారు. ఆంధ్ర నాటక పితామహుడన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. కోలాచలం వారి మనసు చరిత్ర మీద. రామరాజు, చాంద్ బీబీ లాంటి వాళ్ళను రంగం మీదికి దించారు. 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. ఒకరిది పాట, మరొకరిది మాట అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్ళున్నారు. అది పూర్తి నిజం కాదు గానీ అబద్ధమూ కాదు.

బళ్ళారి సభ మద్రాసు వెళ్ళి ఆడిన నాటకాలు చూసి పమ్మల్ సంబంధ మొదలియారు అనే తమిళ యువకుడికి ఒళ్ళు పులకరించింది. చదువుకున్నవాళ్ళు, మర్యాదస్థులు కూడా ఇలా వేషం కట్టవచ్చునా అనిపించింది. 1891లో ఆయన మద్రాసులో సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటకానికి అది పునాది. బళ్ళారి ప్లీడర్లు వెలిగించిన దీపంతో అరవ దేశంలో ఇంకో దీపం వెలిగింది.

ఇక అసలు విషయానికి వద్దాం. అలా ఊళ్ళు దాటి, భాషలు దాటి పోతున్న నాటకం మీద రాసినవాడికి ఏం హక్కు ఉండేది?

ఆనాడు అమల్లో ఉన్నది 1847లో కలకత్తాలో చేసిన 20వ చట్టం. ఇంగ్లండులోని గ్రంథ హక్కు కుంపిణీ ఏలుబడిలో చెల్లుతుందా లేదా అన్న అనుమానం తీర్చడానికి దాన్ని చేశారు. రచయిత బతికున్నన్నాళ్ళూ హక్కు అతనిదే, పోయాక ఇంకో ఏడేళ్ళు వారసులది. ఆ మొత్తం, అచ్చయిన నాటి నుంచి నలభై రెండేళ్ళకు తక్కువైతే నలభై రెండేళ్ళూ ఇస్తారు. ఎవరైనా దొంగ ముద్రణ వేస్తే జిల్లాలోని పెద్ద సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. పుస్తకం రిజిస్టరు అయివుంటేనే దావా నిలుస్తుంది.

ఆ రిజిస్టరు ఎలా ఉండేదో ఒకసారి దగ్గరగా చూద్దాం. 1867 నాటి 25వ చట్టం వచ్చాక ప్రతి అచ్చాఫీసూ తాను వేసిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వానికి అప్పజెప్పాలి. గుమాస్తా దాన్ని ముందు పెట్టుకుని గళ్ళు నింపుతాడు. పుస్తకం పేరు, ఏ భాష, ఎవరు రాశారు, విషయమేమిటి, ఎక్కడ అచ్చయింది, అచ్చువేసినదెవరు, ఏ తేదీన వెలువడింది, పుటలెన్ని, సైజెంత, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, అచ్చా రాతి అచ్చా, వెల ఎంత. చివరి గడిలో హక్కుదారు పేరు, ఊరు. రెండు రూపాయలు కడితే ఆ నమోదే గ్రంథ హక్కు నమోదు కింద చెల్లుతుంది. మూడు నెలలకోసారి ఈ జాబితాను గెజెటుతో పాటు ప్రకటించేవారు. పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద 1867 సంవత్సరపు 25వ ఆక్టు ప్రకారం రిజిస్టరు చేయబడిందని గర్వంగా వేసుకున్న వాక్యం ఈ గళ్ళ ముచ్చటే. రెండు రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ పుస్తకం హక్కు కోసం పోరాడే దారి మూసుకున్నట్టే. తెలుగు సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఈ జాబితాలను చూసింది తక్కువ. చూస్తే ఎవరి పుస్తకం ఎవరి పేరున నమోదైందో, కవి హక్కు ఎన్నిసార్లు అచ్చాఫీసు యజమాని గడిలోకి జారిపోయిందో బయటపడుతుంది.

1847 చట్టం ఆసాంతం చదివినా పుస్తకం చుట్టే తిరుగుతుంది. అచ్చువేయడం, అమ్మడం, పైదేశం నుంచి తెప్పించడం, అంతే. నాటకం మాత్రం అచ్చు కోసం పుట్టదు. దాని ప్రాణం దీపాల వెలుగులో, హార్మోనియం పక్కన, రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారుజాము దాకా సాగే ఆటలో ఉంటుంది. కడపలోనో కర్నూలులోనో ఒక బృందం అంగడిలో ప్రతి కొనుక్కుని, పోర్షన్లు పంచుకుని, టిక్కెట్లు పెట్టి ఆడేస్తే? అచ్చు దొంగతనం జరగలేదు. ప్రతికి డబ్బు ఇచ్చే కొన్నారు. కవి ఏమనాలి?

లండన్‌లో ఈ ప్రశ్నకు జవాబు ముందే దొరికింది. బుల్వర్ లిట్టన్ అనే నవలాకారుడి పూనికతో 1833లోనే అక్కడ నాటకకర్తకు ప్రదర్శన హక్కు వచ్చింది. అక్కడి 1842 గ్రంథ హక్కు చట్టం వెనుక ఉన్న తాల్ఫర్డ్ అయితే స్వయంగా న్యాయవాదీ, నాటకకర్తా! కోర్టు పనీ నాటకం పనీ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో బళ్ళారికి ముందే లండన్ చూసింది. 1842 చట్టం సామ్రాజ్యమంతటా వర్తిస్తుందని వాదించడానికి తెలివైన ప్లీడరుకు సందు లేకపోలేదు. కానీ కలకత్తా చేసిన చట్టంలో మాత్రం ఆట ఊసు లేదు.

ఆట ఊసు ఉన్న చట్టం ఒకటి మన దేశంలో వచ్చింది, 1876లో. దాని పేరు నాటక ప్రదర్శనల చట్టం. రాజద్రోహమనో అసభ్యమనో ప్రభుత్వానికి తోచిన నాటకాన్ని ఆపేయడానికి తెచ్చింది. అంటే తెర మీది నాటకం దొరల కంట పడింది ముందుగా నిషేధం కోసం. దాని మీద కవికి హక్కుందని ఇక్కడి శాసనం తేటగా రాయడానికి ఇంకో ముప్పై అయిదేళ్ళు పైనే పట్టింది. ఈ వరుసక్రమం నాకు యాదృచ్ఛికంగా కనిపించదు.

ఇక్కడ నాదొక ఊహ. ధర్మవరం వారు సుమారు ముప్పై నాటకాలు రాశారంటారు. అన్నీ అచ్చు కాలేదు. అచ్చు ఖర్చు ఒక కారణం కావచ్చు. కానీ ఆటకు రక్షణ లేని రోజుల్లో వ్రాతప్రతి పెట్టెలో ఉండటమే కవికి రక్షణ. అచ్చయితే పది ఊళ్ళ వాళ్ళు ఆడతారు. అచ్చు కాకపోతే సభ ఆడితేనే ఆట. పోర్షను విడివిడిగా రాసుకుని బట్టీపట్టే నటుడి చేతికి కూడా నాటకం మొత్తం ఒకేసారి అందదు. ఈ పద్ధతి లోకంలో చాలా చోట్ల నాటక బృందాలు పాటించినదే. చట్టం చేయలేని పనిని తాళంచెవి చేసిపెట్టింది. దాని ఫలితమేమిటంటే, ఆ పెట్టెల్లో కొన్ని నాటకాలు పెట్టెల్లోనే పోయాయి.

హక్కు ఎంతవరకు అన్నది రెండో చిక్కు. సారంగధరుణ్ణి తీసుకోండి. చేమకూర వేంకటకవి కావ్యంగా రాశాడు. గురజాడ అప్పారావు కుర్రతనంలో ఇంగ్లీషు పద్యాల్లో రాశారు. ధర్మవరం వారు విషాదాంత నాటకం చేశారు. అరవంలో సంబంధ మొదలియారూ ఆ కథను నాటకంగా రాశాడు. కథ ఎవరిది? ఎవరిదీ కాదు. రాజరాజ నరేంద్రుడి పేరుతో ముడిపడి జనం నోళ్ళలో నానిన కథ అది. కానీ చిత్రాంగి ఏ మాటలతో సారంగధరుణ్ణి వేడుకుంటుంది, ఏ రంగంలో తెర పడుతుంది, ఏ పాట ఎక్కడ వస్తుంది, ఇవి రాసినవారి సొత్తు. గ్రంథ హక్కు చట్టాలన్నిటికీ ఇదే మూలకందం. ఊహకు, ఇతివృత్తానికి, చరిత్రలో జరిగిన సంగతికి యజమాని ఉండడు. దాన్ని చెప్పిన తీరుకే యజమాని.

బళ్ళారిలో దీనికి ఇంకా చక్కని ఉదాహరణ ఉంది. అక్కడ కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ సూయల్ 1900లో విజయనగరం మీద 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' వెలువరించాడు. పేస్, నూనిజ్ అనే పోర్చుగీసు వాళ్ళ రాతలకు ఇంగ్లీషు అనువాదాలు అందులో ఉన్నాయి. 1565లో రక్కసి తంగడి దగ్గర రామరాయలు కూలిపోయిన ఆ ఘట్టాన్నే కోలాచలం వారు 'రామరాజు చరిత్రము' నాటకంగా రాశారు. యుద్ధం సూయల్‌ది కాదు, కోలాచలం వారిదీ కాదు. సూయల్ ఇంగ్లీషు వాక్యాలు సూయల్‌వి. తర్వాతి రోజుల్లో బళ్ళారి రాఘవ నటనతో ఊరూరా మారుమోగిన పఠాన్ రుస్తుం మాటలు కోలాచలం వారివి. ఇదే సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్థిరపరిచింది. తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూఢిల్లీ' సినిమాగా తీశారని ఒక నాటకకర్త వేసిన దావా అది. ఇతివృత్తం కలిసినంత మాత్రాన చౌర్యం కాదని కోర్టు అన్నది. దావా వేసినాయన ఓడిపోయాడు.

మళ్ళీ మన కథాకాలానికి వద్దాం. లండన్‌లో 1911లో కొత్త చట్టం వచ్చింది. 1912 అక్టోబరు చివర అది ఇండియాలో అమల్లోకి వచ్చింది. మన అవసరాలకు తగిన సవరింపులతో 1914లో ఇక్కడి శాసనం వెలువడింది. ఇది పాత చట్టం లాంటిది కాదు. అచ్చుతో పాటు బహిరంగంగా ఆడటం, నాటకాన్ని నవలగానో నవలను నాటకంగానో మార్చడం, గ్రామఫోను రికార్డుగా పట్టడం, సినిమా తీయడం, అన్నీ కవి హక్కులే. రిజిస్టరు చేయలేదని హక్కు పోదు. రాసిన క్షణాన్నే హక్కు పుడుతుంది. గడువు కూడా కవి ఆయుష్షు మీద ఇంకో యాభై ఏళ్ళు. నాటకకర్తలకు ఇది పండగ లాంటి చట్టం. ధర్మవరం వారు మాత్రం 1912 నవంబరులోనే పోయారు. పాతికేళ్ళు నాటకాలాడించిన మనిషి, ఆట మీద తనకు తేటతెల్లమైన హక్కు వచ్చిన నెల రోజులకు వెళ్ళిపోయారు.

అనువాదం దగ్గర 1914 శాసనం ఒక కత్తెర వేసింది. మొదట ప్రకటించిన పదేళ్ళ లోపు కవి తానుగా అనువాదం చేయించకపోతే, ఆ భాషలోకి అనువదించే హక్కు జారిపోతుంది. ఆపైన ఎవరైనా చేసుకోవచ్చు. క్యాంబెల్ లెక్క గుర్తుంది కదా? 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో కన్నడం, చాలా ఇళ్ళల్లో రెండూ. అలాంటి ఊళ్ళో తెలుగు నాటకం కన్నడంలోకి మారడానికి పెద్ద పండితుడు అక్కర్లేదు, రెండు భాషల్లోనూ వేషం కట్టగల నటుడు చాలు. ఢిల్లీలో ఏ ఉద్దేశంతో రాశారో గానీ, పదేళ్ళ నిబంధన ఇలాంటి సరిహద్దు ఊళ్ళకు కొలిచి కుట్టినట్టుంది. కవికి నష్టమే, ఒప్పుకుంటాను. భాషలకు మాత్రం లాభం. స్వతంత్రం వచ్చాక 1957 చట్టం ఈ మినహాయింపును తీసేసింది. ఇప్పుడు అనువాద హక్కు కూడా పూర్తి గడువుదాకా కవిదే. అయితే ప్రకటించిన ఏడేళ్ళ తర్వాత అనువాదానికి నిర్బంధ లైసెన్సు అడిగే దారి ఒకటి ఉంచారు.

అంతకు నాలుగేళ్ళ ముందే, 1953 అక్టోబరు 1న, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. ఆ తగవు తీరు వేరే పుస్తకానికి సరిపోతుంది. మన కథకు కావలసిందల్లా ఒక్కటే. గ్రంథ హక్కు కేంద్ర శాసనం కావడం వల్ల గీతకు ఇటూ అటూ నాటకకర్తకు ఒకే న్యాయం.

ఇప్పటి చట్టం ఆ పాత సభలను చూస్తే ఏమంటుంది? పరిషత్తులకు నాటకాలు వేసే మిత్రులు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ఔత్సాహిక సంఘమైవుండి, చూసేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకుండా ఆడితే, లేదా ఏ మత సంస్థ సహాయార్థమో ఆడితే అది హక్కు భంగం కాదు. 1957 చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది. టిక్కెట్టు పెట్టారా, అనుమతి కావాలి. శివరామ కారంతుల యక్షగాన రూపకాల మీద నడిచిన దావాలో 2009లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే గుర్తుచేసింది. కారంతులు వీలునామాలో హక్కులు రాసిచ్చిన వ్యక్తి వైపే తీర్పు ఇచ్చింది. కానీ చట్టం మినహాయించిన తీరులో ఆడుకుంటే నిషేధపుటుత్తర్వు అడ్డురాదని చెప్పింది.

ఇంకొక చిన్న సంగతి, కవులు నష్టపోయేది ఇక్కడే. హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతో జరగాలి. నోటిమాట చెల్లదు. కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళే. ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా మటుకే. మొత్తం హక్కు అమ్ముకున్నా సరే, తన రచనను తన పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే అధికారం కవికి మిగిలే ఉంటుంది. అది 57వ సెక్షన్. ఆ సెక్షన్ బళ్ళారి సభల కాలంలో ఉండివుంటే ఎంతమంది హీరో వేషగాళ్ళు చిక్కుల్లో పడేవారో!

ఇక గడువు లెక్క. 1912లో పోయిన ధర్మవరం వారి నాటకాలు 1962తో, 1919లో పోయిన కోలాచలం వారివి 1969తో జనం సొత్తయ్యాయి. ఇప్పుడు ఎవరైనా అచ్చువేయవచ్చు, ఆడవచ్చు, సినిమా తీయవచ్చు. 1992లో గడువు యాభై నుంచి అరవై ఏళ్ళయింది. 1941లో పోయిన రవీంద్రనాథ ఠాగూరు రచనల గడువు తీరిపోతుందన్న కంగారుతో చేసిన సవరణ అది. అప్పటికే గడువు తీరిన వాటికి అది మళ్ళీ ప్రాణం పోయలేదు. చరిత్ర ఇక్కడ ఒక కొంటె పని చేసింది. మరణానంతరం అరవై ఏళ్ళు కావాలని మొదట అడిగినవాడు లండన్ నాటకకర్త తాల్ఫర్డ్. 1841లో పార్లమెంటులో లేచి, అది పాఠకుల నెత్తిన పన్ను అని దాన్ని పడగొట్టినవాడు మెకాలే. మనకు శిక్షాస్మృతి ముసాయిదా రాసిపెట్టి వెళ్ళిన ఆ మెకాలేనే. ఆయన రాసింది నూరేళ్ళకు పైగా నెత్తిన పెట్టుకున్నాం, ఆయన కాదన్నది చివరికి శాసనం చేసుకున్నాం.

ఇంతకీ ఆ ఇద్దరు ప్లీడర్లూ నాటక హక్కుల మీద బతకలేదు. వకాల్తా ఫీజుల మీద బతికి నాటకాలు రాశారు. నాటకం మీద డబ్బు చేసుకునేవాళ్ళు తర్వాత వచ్చారు. టిక్కెట్ల కంట్రాక్టర్లు, గ్రామఫోను కంపెనీలు, ఆపైన సినిమా.

వచ్చే భాగంలో ధర్మవరం వారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అదే మన బళ్ళారి రాఘవ, రంగం మీదికి వస్తాడు. పద్యాన్ని రాగంలో సాగదీయడం గిట్టని నటుడు, కోర్టులో ప్రాసిక్యూటరు. 1936లో ఆయన దుర్యోధనుడిగా 'ద్రౌపదీ మానసంరక్షణం' సినిమా తయారైంది. అదే ఏడాది, అదే ద్రౌపది కథతో, ఇంకో కంపెనీ 'ద్రౌపదీ వస్త్రాపహరణం' తీసింది. వ్యాసుడి మీద ఇద్దరికీ సమాన హక్కే. మరి ఆ పోటీలో ఎవరు గెలిచారు, రికార్డుకెక్కిన పద్యానికి కవికి ఎంత ముట్టేది, పాడినవాడికి అసలేమైనా ముట్టేదా? ఆ లెక్కలు వచ్చే భాగంలో విప్పుదాం.